రంగు వేయని రేకు రూపం: నమూనా విమానాల లోహపు మెరుపుపై పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో భారత వాయుసేన మిగ్-21 విమానాలకు వీడ్కోలు పలికిన తరువాత ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం ఒకే కోరికను వెలిబుచ్చాయి. 1963 నుండి మన వాయుసేనలో చేరిన తొలి మిగ్-21ల మాదిరిగా, కామోఫ్లాజ్ రంగులేవీ లేకుండా, ఒంటి మీద రేకు రేకుగానే కనిపించే చిన్న విమానాన్ని బల్ల మీద నిలుపుకోవాలని పలువురు కోరుకుంటున్నారు. 1971 యుద్ధకాలానికి ఆ విమానాలలో చాలావాటి వెండి మెరుపు ఆకుపచ్చ రంగుల కింద దాగిపోయింది కనుక, ఈ కోరికలో కొంత జ్ఞాపకాల మమకారం కూడా ఉన్నట్లుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుండి వచ్చిన ప్రశ్నలలో కొన్నిటిని ఈ నెలకు ఎంచుకున్నాము. ఒకే విషయం అడిగిన వారి ఉత్తరాలను కలిపి సమాధానం ఇస్తున్నాము.

*ప్రశ్న: 1/72 నిష్పత్తిలో మిగ్-21 కట్టాను. అతుకులను లప్పంతో నింపి, రుద్ది, కుంచెతో సిల్వర్ రంగు రెండు పూతలు వేశాను. చూసినవారు సిల్వర్ పెయింట్ బాగుందంటున్నారే తప్ప లోహంలా ఉందని ఒక్కరూ అనడం లేదు. పైగా లప్పం పెట్టిన చోట్లన్నీ మచ్చలుగా బయటపడుతున్నాయి. లోపం రంగులో ఉన్నదా, చేతిలో ఉన్నదా?*
– ఒక బ్యాంకు ఉద్యోగి, దర్గామిట్ట, నెల్లూరు

సమాధానం: లోపం ఎక్కువ భాగం రంగుకు ముందు జరిగిన పనిలో ఉంది, కొంత భాగం కుంచెలో ఉంది. సీసాలో ఉన్నది కరిగిన లోహం కాదు. బంక వంటి ద్రవంలో తేలే సన్నని అల్యూమినియం పొలుకులు (పొలుసుల వంటి రేకు తునకలు) మాత్రమే. సాధారణ సిల్వర్ రంగులో ఈ పొలుకులు ముతకగా ఉంటాయి. కుంచె లాగిన చోటల్లా అవి ఒక్కొక్కటి ఒక్కో కోణంలో వాలిపోయి, పడిన వెలుగును నలుదిక్కులా చిమ్ముతాయి. ముప్పై మైక్రాన్ల పొలుకు మన కంటికి ఏమంత పెద్దది కాదు. కానీ మీ నమూనా కొలతలో దానిని 72తో హెచ్చిస్తే రెండు మిల్లీమీటర్లు దాటుతుంది. రెండు మిల్లీమీటర్ల మెరుపు గింజలు చల్లిన యుద్ధ విమానం ఎక్కడా ఉండదు కనుక, కారణం తెలియకపోయినా చూసేవారి కన్ను అది పెయింట్ అని పసిగడుతుంది. ఆల్‌క్లాడ్, వల్లేహో మెటల్ కలర్, మిస్టర్ కలర్ సూపర్ మెటాలిక్ వంటి రంగుల ప్రత్యేకత వాటి పొలుకుల సన్నదనమే. అవి నునుపైన ఉపరితలం మీద ఒకదాని పక్కన ఒకటి పడుకుని ఒకే రేకులా వెలుగును తిప్పికొడతాయి. ప్రసంగవశాత్తు మరొక సంగతి: కొన్ని రంగుల డబ్బాల మీద సిల్వర్ పక్కన మైకా అన్న మాట కూడా కనిపిస్తుంది. మైకా అంటే గూడూరు, సైదాపురం ప్రాంతాల గనుల వల్ల మన జిల్లావారికి తరతరాలుగా తెలిసిన అభ్రకమే. అభ్రకపు రంగు ముత్యపు నిగనిగను ఇస్తుంది, రేకు గంభీరతను ఇవ్వదు. ఆధునిక కార్ల నమూనాలకు అది బాగుంటుంది, మీ మిగ్-21కు పనికిరాదు.

పొలుకులు సన్నగా ఉన్నందువల్ల ఒక చిక్కు కూడా వస్తుంది. అవి కింది ఉపరితలంలోని దేనినీ కప్పలేవు. మామూలు రంగు కింద కనుమరుగయ్యే గీత, వేలిముద్ర, ధూళికణం లోహపు రంగు కింద మరింత స్పష్టంగా కనిపిస్తాయి. మీ లప్పపు మచ్చలకు కారణం ఇదే. లప్పం ప్లాస్టిక్ కంటే మెత్తనిది, సన్నని రంధ్రాలు కలది. అది పైన వేసిన రంగును పీల్చుకుంటుంది, రుద్దినప్పుడు ప్లాస్టిక్ అంత నునుపుకు రాదు. అందువల్ల లోహపు మెరుపు ఇవ్వదలచిన నమూనాలో అతుకులను లప్పంతో కాక ఫెవిక్విక్ వంటి సూపర్ గ్లూతో నింపడం మేలు. అది ఆరిన తరువాత కూడా రోజులు గడిచేకొద్దీ ప్లాస్టిక్ కంటే గట్టిపడుతుంది. కాబట్టి గట్టిపడగానే, వీలైతే గంటలోపే, రుద్దడం పూర్తి చేయాలి. మరునాటికి వదిలేస్తే గ్లూ అరగక ముందే పక్కనున్న ప్లాస్టిక్ అరిగి పల్లం పడుతుంది.

రుద్దడానికి మన ఊళ్ళలో కార్ల పెయింటర్లు వాడే వాటర్ పేపరే (నీటితో తడిపి రుద్దే ఇసుక కాగితం) చాలు. ఆకారం సరిచేయడానికి 600 నంబరుతో మొదలుపెట్టి, 1000, 1500, 2000 వరుసలో, చుక్క సబ్బు కలిపిన నీటితో తడుపుతూ సాగాలి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు పలకకు మెరుగు పెట్టేవారు ఒక నంబరు రాయి మిగిల్చిన గీతలు పోకుండా తరువాతి నంబరుకు వెళ్ళరు, ఇక్కడా అంతే. 600 గీత మిగిలి ఉండగా 2000తో ఎంతసేపు రుద్దినా ఆ గీత చుట్టూ నునుపు వస్తుందే కానీ గీత పోదు. చివరగా పాలిషింగ్ కాంపౌండ్‌ను మెత్తని నూలుగుడ్డతో రుద్ది, గోరువెచ్చని సబ్బునీటితో కడిగి ఆరబెట్టాలి. ఆ తరువాత నమూనాను వట్టి చేతితో ముట్టకూడదు, వేళ్ళ మీది నూనె ముద్రలు రంగు కింద అలాగే నిలిచిపోతాయి.

దీని మీద నిగనిగలాడే నల్లటి పూత వేయాలి. కొత్తవారు ఇక్కడే తడబడతారు, వెండి రంగుకు అడుగున నలుపు ఎందుకని అడుగుతారు. పైన వచ్చే లోహపు పొర ఎంతో పలుచనిది. దాని సందుల గుండా కనిపించే నలుపే మెరుపుకు లోతును ఇస్తుంది, ఆ నలుపు ఎంత అద్దంలా ఉంటే పైపూత అంత అద్దంలా వస్తుంది. నలుపు పూర్తిగా ఆరాక దీపం కింద ఏటవాలుగా పట్టి చూడండి. అందులో దీపపు ప్రతిబింబం అంచులు చెదిరి కనిపిస్తే ఆ చోటును మళ్ళీ రుద్ది మళ్ళీ పూయాలి. ఆ తరువాత 12 నుండి 15 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడితో ఎయిర్‌బ్రష్ (గాలితో రంగును సన్నగా చల్లే పనిముట్టు) పెట్టి, మంచు పట్టినట్లుగా, ఒక పొర ఆరాక మరొక పొర చొప్పున వేయాలి. నలుపు పూర్తిగా మాయమయ్యేదాకా వేసినవారికి దక్కేది మామూలు సిల్వర్ పెయింటే. కాస్త చాలదేమో అనిపించే దశలోనే చేయి ఆపడం మంచిది. మెరుపు తక్కువగా ఉండే అల్యూమినియం ఛాయలకు ఇంత నలుపు అవసరం లేదు. నునుపైన బూడిదరంగు ప్రైమర్ సరిపోతుంది.

ఎయిర్‌బ్రష్ లేనివారు కుంచెతో ఈ ఫలితాన్ని సాధించడం దాదాపు అసాధ్యమని నా అభిప్రాయం. అటువంటివారు టామియా ఏఎస్-12 అనే స్ప్రే డబ్బాను ప్రయత్నించవచ్చు. రేకు రంగు కోసమే ఆ సంస్థ దానిని తయారు చేసింది. అద్దంలాంటి మెరుపు దానితో రాదు. అయితే ఎండావానలలో కొంతకాలం తిరిగిన యుద్ధ విమానానికి ఆ మెరుపు ఉండదు కూడా.

*ప్రశ్న: విదేశీ లోహపు రంగులు ఖరీదైనవి, తెప్పించుకోవడం కష్టం. ట్రంకు రోడ్డు వైపు కార్ల రంగుల దుకాణాలలో దొరికే సిల్వర్, ఎన్.సి. థిన్నర్ వాడకూడదా?*
– ముగ్గురు పాఠకులు, నెల్లూరు

సమాధానం: వాడవచ్చు, కానీ ప్లాస్టిక్ మీద నేరుగా వాడకూడదు. ఎన్.సి. థిన్నర్ (నైట్రోసెల్యులోజ్ రంగులను పలుచన చేసే ద్రవం) కారు రేకును ఏమీ చేయదు; నమూనా విమానపు పాలీస్టైరీన్‌ను మాత్రం కరిగిస్తుంది. సన్నని ప్యానెల్ గీతలు (రేకుల అతుకులను చూపే గీతలు), రివెట్లు ముద్దయిపోతాయి. కిట్టులో భాగాలు తగిలి ఉండే చట్రపు ముక్క మీద ముందుగా ఒక చుక్క వేసి చూస్తే మీకే తెలుస్తుంది. ఆ దుకాణాలలో నిజంగా కొనదగినవి వాటర్ పేపరు, రబ్బింగ్ కాంపౌండ్. అవి విదేశీ సరుకుకు ఏమాత్రం తీసిపోవు. కారు సిల్వర్‌లో పొలుకులు కారు కొలతకు తగినట్లు ఉంటాయి కనుక పెద్ద నిష్పత్తి నమూనాలకు తప్ప అది నప్పదు. ఖర్చు తగ్గించుకోదలచినవారు నల్లపూతకు చవక రంగును వాడి, లోహపు రంగు సీసా ఒక్కటి మాత్రం మంచిది కొనుక్కోవాలి. 1/72 విమానానికి పట్టే రంగు చాలా తక్కువ, ఒక సీసా చాలా నమూనాలకు వస్తుంది.

వాసన ఘాటుగా ఉండే ఏ రంగునైనా చల్లేటప్పుడు గుడ్డ మాస్కు చాలదు. అది ధూళిని కొంత ఆపుతుంది కానీ థిన్నర్ ఆవిరిని ఆపలేదు. ఆవిరిని పీల్చుకునే బొగ్గు కార్ట్రిడ్జి ఉన్న మాస్కు పెట్టుకోవాలి. వంటగ్యాసు కానీ, పూజదీపం కానీ వెలుగుతున్న గదికి ఆనుకుని ఈ పని పెట్టుకోవద్దు. ఇంట్లో చిన్నపిల్లలుంటే వల్లేహో వంటి నీటి రంగులే ఉత్తమం. వాటి మెరుపు ఒక పిసరు తక్కువన్న మాట నిజమే అయినా ఆ తేడా కోసం ఊపిరితిత్తులను పణం పెట్టనక్కరలేదు.

*ప్రశ్న: దసరా సెలవులలో వేసిన నల్లపూత మీద తెల్లని పొగ పట్టినట్లు అయింది. అదే రంగు, అదే ఎయిర్‌బ్రష్‌తో మే నెలలో వేసినప్పుడు ఉపరితలం ఇసుక కాగితంలా గరుకుగా వచ్చింది. ఏ నెలలో వేస్తే కుదురుతుంది?*
– డిగ్రీ విద్యార్థి, కావలి

సమాధానం: మీరు చూసినవి రెండు వేర్వేరు జబ్బులు. మొదటిది తేమ వల్ల వచ్చేది. లాకరు రంగు (ఘాటైన థిన్నర్ కలిపి వాడే, త్వరగా ఆరే రకం) లోని థిన్నర్ వేగంగా ఆవిరైపోతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ చల్లదనానికి నీరు సన్నగా పేరుకుని పూతలో చిక్కుకుపోతుంది. తెల్లని పొగలా కనిపించేది అదే. మనకు వర్షాలు ప్రధానంగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వల్ల కురుస్తాయి, పైగా కావలి సముద్రానికి దగ్గర. వాయుగుండం వార్త వచ్చిన వారంలో లాకరు రంగు జోలికి పోకపోవడమే మంచిది. తేమను చూపే చిన్న యంత్రాన్ని పని చేసే గదిలో పెట్టుకుని, 80 శాతం దాటిన రోజు రుద్దుడు పనితో సరిపెట్టుకోండి. తప్పనిసరైతే నెమ్మదిగా ఆరేలా చేసే రిటార్డర్‌ను థిన్నర్‌లో కొద్దిగా కలపాలి. కంప్రెసర్ గొట్టానికి నీటిని పట్టే ట్రాప్ తప్పక ఉండాలి. లేకపోతే గొట్టంలో చేరిన నీరు సరిగ్గా రెక్క మధ్యలో చుక్కగా పడుతుంది. పొగ పట్టిన నల్లపూతను మీరు పారేయనక్కరలేదు. పొడి వాతావరణం వచ్చాక రిటార్డర్ కలిపిన థిన్నర్‌ను పలుచగా చల్లితే తరచుగా అదే తేటపడుతుంది, లేదా 2000 కాగితంతో రుద్ది మరొక పూత వేయవచ్చు. ఇదే చిట్కాను లోహపు పూత మీద ప్రయోగిస్తే పొలుకులు కదిలి అంతా పాడవుతుంది.

రెండవ జబ్బు వడగాడ్పులది. మే నెల మధ్యాహ్నం రంగు నాజిల్ వదిలిన తరువాత నమూనాను చేరేలోపే గాలిలో సగం ఆరిపోయి పొడిగా పడుతుంది. తెల్లవారుజామున, ఫ్యాను ఆపి, మామూలు కంటే కొంచెం దగ్గరగా, కాస్త పలుచగా కలిపి చల్లితే ఆ గరుకుదనం రాదు. నెల విషయం అడిగారు కనుక చెబుతున్నాను: మన వైపు జనవరి చివరి నుండి మార్చి వరకు ఉదయం మంచు విడిచిన తరువాతి వేళ ఈ పనికి అనువైనది. రుద్దడం, అతకడం వంటివన్నీ వానాకాలంలో ముగించి పెట్టుకుంటే ఆ రోజులు వృథా కావు.

*ప్రశ్న: కొందరి నమూనాలలో ఒక్కో రేకు ఒక్కో ఛాయలో కనిపిస్తుంది. నిజమైన విమానాలు అలాగే ఉంటాయా? ఎన్ని ఛాయలు వాడాలి?*
– ఒక ఉపాధ్యాయిని, ఒంగోలు

సమాధానం: నిజమైన విమానాలలో ఛాయల తేడా ఉంటుంది, కానీ పోటీలలో కనిపించే గళ్ళచీర పద్ధతి నాకు నచ్చదు. ప్రతి తేడాకు విమానంలో ఒక కారణం ఉంటుంది. ఆ కారణం తెలుసుకుని వేసిన తేడా నమ్మదగినట్లు కనిపిస్తుంది, మిగిలినది అలంకారంగా మిగిలిపోతుంది. విమానాల పైతొడుగుకు వాడే రేకు చాలావరకు రాగి కలిసిన అల్యూమినియం మిశ్రలోహం. అది గట్టిదే కానీ త్వరగా తుప్పు తింటుంది కనుక దానికి రెండు వైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పలుచని పొరను అతికించి రోల్ చేస్తారు. ఆల్‌క్లాడ్ అన్న పేరు ఆ రేకుదే, నమూనా రంగుల సంస్థ దానిని అరువు తెచ్చుకుంది. రోలర్లు రేకును లాగిన దిశలో కంటికి అందీ అందని గీతల వరస ఏర్పడుతుంది. పక్కపక్క రేకులను వేర్వేరు దిశల్లో కోసి బిగించినప్పుడు, లోహం ఒకటే అయినా వెలుగులో ఒకటి తేటగా, మరొకటి మందంగా కనిపిస్తుంది. మీరు విమానం చుట్టూ నడిస్తే ఈ తేటదనం, మందం ఒకదానికొకటి మారిపోతాయి. అందుకే ఈ జాతి తేడాను ఒకే రంగులో ఒక చుక్క నలుపో తెలుపో కలిపి, పోల్చి చూస్తే తప్ప తెలియనంత స్వల్పంగా చూపాలి.

అసలైన పెద్ద తేడాలు వేరే చోట్ల ఉంటాయి. ఎగ్జాస్టు పరిసరాలలో వేడిని తట్టుకునే ఉక్కు లేదా టైటానియం ఉంటుంది. అది ముదురుగా, కాస్త గోధుమ జీరతో కనిపించాలి. పాత విమానాలలో చుక్కాని వంటి కదిలే భాగాలకు గుడ్డ తొడిగి అల్యూమినియం రంగు పూసేవారు. అక్కడ మెరుపు ఉండకూడదు. రెండవ ప్రపంచయుద్ధ కాలపు పి-51 మస్టాంగ్ సంగతి చాలామందికి తెలియదు. గాలి రెక్క మీదుగా నునుపుగా సాగడానికి కర్మాగారంలోనే దాని రెక్కల మీది అతుకులను, రివెట్లను లప్పంతో పూడ్చి, రుద్ది, సిల్వర్ రంగు వేసేవారు. మస్టాంగ్ ఒళ్ళంతా రేకు, రెక్కలు మాత్రం పెయింట్! కిట్టు రెక్కల మీద ఉన్న రివెట్ల గీతలను ఎంతో శ్రద్ధగా నిలబెట్టి అక్కడ ఛాయలు మార్చిన నమూనా ఎంత అందంగా ఉన్నా తప్పే అవుతుంది. మిగ్-21 ముక్కున ఉండే కోను, తోక చివర రేడియో తరంగాలు సాగవలసిన భాగం లోహం కావు. సోవియట్ పద్ధతిలో అవి ఎక్కువగా ఆకుపచ్చ రంగులో ఉంటాయి. ఇవన్నీ పట్టుకున్న తరువాత ఒళ్ళంతటికీ రెండు, మహా అయితే మూడు అల్యూమినియం ఛాయలు చాలు.

ఛాయ మార్చడానికి మాస్కింగ్ టేపు వేసే ముందు దానిని అరచేతి మీద రెండుసార్లు అతికించి తీయండి. జిగురు తగ్గకపోతే కింది పూత టేపుతో సహా లేచి వస్తుంది.

*ప్రశ్న: మా తాతగారి వద్ద వాంపైర్ విమానపు పాత ఫొటో ఉంది. అది వెండిలా మెరుస్తోంది. ఆ నమూనాకు కూడా నల్లపూత, రేకు ఛాయలు వేయాలా? ఊళ్ళలో స్తంభాల మీద నిలిపిన విమానాలను చూసి రంగులు వేయవచ్చా?*
– ఇంటర్ విద్యార్థి, కందుకూరు

సమాధానం: అవసరం లేదు. బ్రిటిష్ విమానమైన వాంపైర్ 1948లో మన వాయుసేనలో చేరిన తొలి జెట్ విమానం. పైలట్ కూర్చునే దాని మధ్య భాగాన్ని ప్లైవుడ్, బాల్సా చెక్కలతో కట్టారు. చెక్కకు లోహపు మెరుపు ఎక్కడి నుండి వస్తుంది? మీరు చూసినది పెయింట్. యుద్ధానంతర కాలంలో బ్రిటిష్ వాయుసేన తన విమానాలలో అనేకానికి హై స్పీడ్ సిల్వర్ అనే రంగు వేసేది. ఆ పద్ధతిలో రంగు వేసిన విమానానికి రేకు రేకుకూ ఛాయ మార్చడం తగదు. బూడిదరంగు ప్రైమర్ మీద సన్నని పొలుకుల సిల్వర్ ఒకే తీరుగా వేసి, పైన సెమీ గ్లాస్ (సగం నిగనిగ ఉండే) వార్నిష్ పూస్తే సరిపోతుంది. ముందుగా మీరు తేల్చుకోవలసినది ఇదే: ఫొటోలోని విమానం రేకా, పెయింటా? మిగ్-21 విషయంలోనూ ఈ ప్రశ్న వేసుకోవాలి. వాటిలో రేకు మీద పారదర్శక వార్నిష్ ఉన్నవీ ఉన్నాయి, తరువాతి కాలంలో అల్యూమినియం పూత వేసినవీ ఉన్నాయి. స్తంభాల మీది విమానాలకు ఎండకూ వానకూ ఆగేలా మామూలు రంగులు వేస్తారు కనుక ఆకారం కోసం చూడండి, రంగు కోసం చూడకండి.

*ప్రశ్న: 2022 డిసెంబరు 29న కొరిశపాడు వద్ద జాతీయ రహదారి రన్‌వే మీద వాయుసేన జరిపిన ప్రయోగంలో సుఖోయ్-30ని చూశాను. ఒళ్ళంతా బూడిదరంగే అయినా వెనుక ఇంజన్ల వద్ద కాలిన లోహం కనిపించింది. నమూనాలో దానిని ఎలా తేవాలి?*
– ఒక వ్యాపారి, ఒంగోలు

సమాధానం: మీ పరిశీలన సరైనదే. సుఖోయ్ కుటుంబపు విమానాలలో ఇంజన్ల చుట్టూ ఉన్న భాగానికి రంగు వేయరు, వేసినా ఆ వేడికి నిలవదు. ఉక్కును వేడి చేసినప్పుడు దాని మీద ఏర్పడే ఆక్సైడు పొర మందాన్ని బట్టి రంగులు ఒక క్రమంలో వస్తాయి: 220 డిగ్రీల ప్రాంతంలో గడ్డి పసుపు, ఆ పైన గోధుమ, 280 దరిదాపుల్లో ఊదా, 300 ప్రాంతంలో నీలం, అది దాటితే మందమైన బూడిద. అంటే పసుపు చల్లని వైపున, నీలం వేడి వైపున ఉండాలి. చాలా నమూనాలలో ఈ క్రమం తలకిందులుగా కనిపిస్తుంది.

ముందు ముదురు అల్యూమినియం లేదా ఉక్కు ఛాయ వేసి, దాని మీద టామియా పారదర్శక రంగులను బాగా పలుచన చేసి ఎయిర్‌బ్రష్‌తో సన్నని పట్టీలుగా చల్లాలి. పసుపు, నారింజ, స్మోక్, నీలం ఉంటే చాలు. ఊదాకు నీలంలో ఎరుపు కలుపుకోవచ్చు. పట్టీల అంచులు ఒకదానిలోకి ఒకటి జారిపోవాలి. సుఖోయ్ వెనుక భాగం మొత్తం మీద గోధుమ కలిసిన బూడిదరంగుగానే కనిపిస్తుంది, నీలం అక్కడక్కడ మాత్రమే తొంగిచూస్తుంది. రంగుల పండుగ చేయాలన్న సరదా ఉంటే అమెరికా ఎఫ్-100 సూపర్ సేబర్ కట్టండి. దాని తోక భాగం నిజంగానే నీలం, గోధుమ రంగులతో కాలి ఉండేది.

*ప్రశ్న: మా ఇంటి చుట్టూ గ్రానైటు ఫ్యాక్టరీల దుమ్ము. ఏ పూత వేసినా అందులో రేణువులు అంటుకుంటున్నాయి. రంగు లేకుండా వంటింటి అల్యూమినియం ఫాయిల్‌తోనే విమానాన్ని కప్పవచ్చని విన్నాను. నిజమేనా?*
– ఒక పాఠకుడు, చీమకుర్తి

సమాధానం: నిజమే, దుమ్ము ఉన్న చోట అది తెలివైన మార్గం కూడా. ఎంత మంచి రంగైనా లోహాన్ని అనుకరిస్తుంది, ఫాయిల్ లోహమే. దాని కోసం ప్రత్యేకంగా జిగురుతో వచ్చే బేర్ మెటల్ ఫాయిల్ అనే విదేశీ సరుకు ఉంది, కానీ ఇంటి ఫాయిల్‌తో కూడా పని జరుగుతుంది. పలుచని రకం ఎంచుకోవాలి. ఫాయిల్‌ను చివరి విడతలో రెండేసి పొరలుగా కలిపి రోల్ చేస్తారు కనుక రోలర్‌కు తగిలిన వైపు మెరుస్తుంది, లోపలి వైపు మెరుపు తక్కువగా ఉంటుంది. అందువల్ల ఒకే చుట్టలో మీకు రెండు ఛాయలు ఊరికే దొరుకుతాయి. మూడవ ఛాయ కావాలంటే ముక్కను మన బోరు నీటిలో కొంతసేపు మరిగించండి. కఠిన జలంలో అల్యూమినియం ముదురు బూడిదరంగుకు తిరుగుతుంది. ఎంతసేపు మరిగించాలన్నది మీ ఊరి నీటిని బట్టి ఉంటుంది కనుక చిన్న ముక్కలతో చూసుకోవాలి.

ఫాయిల్‌కు ఒక వైపు ఫాయిల్ అంటించే ద్రవపు జిగురును మెత్తని కుంచెతో పలుచగా పూసి, తేటపడి జిగటగా అయ్యాక, ఒక్కో ప్యానెల్‌కు సరిపడా కంటే కొంచెం పెద్ద ముక్క కోసి పెట్టాలి. మధ్య నుండి అంచులకు దూదిపుల్లతో ఒత్తుకుంటూ పోవాలి. తరువాత పంటిపుల్ల మొనతో ప్యానెల్ గీతను గుర్తించి, కొత్త బ్లేడుతో ఆ గీత వెంటే కోసి మిగిలినది తీసేయాలి. బ్లేడు కాస్త మొద్దుబారినా ఫాయిల్ తెగదు, చిరుగుతుంది. చదునైన రెక్కల మీద పెద్ద ముక్కలు నిలుస్తాయి. ముక్కు, రెక్క మూలం వంటి రెండు వైపులా వంపు తిరిగిన చోట్ల సన్నని పీలికలుగా పెట్టకపోతే ముడతలు తప్పవు. ముడత సన్నదైతే గోటితో అణచవచ్చు, లోతైనదైతే పీకి మరొక ముక్క పెట్టాలి. పైన అతి మెత్తని ఉక్కు ఊలుతో ఒకే దిశలో తేలికగా రుద్దితే ఒంగోలు ఉపాధ్యాయిని గారికి చెప్పిన రోలింగ్ గీతలు నిజంగానే వస్తాయి. పక్క ప్యానెల్ మీద దిశ మార్చి రుద్దండి. నమూనాను చేతిలో తిప్పినప్పుడు ఛాయలు మారడం అప్పుడు చూస్తారు. ఏ రంగుతోనూ అది పూర్తిగా రాదు. దుమ్ము విషయంలో ఒక్క జాగ్రత్త చాలు. ఫాయిల్ కింద చిక్కిన రేణువు చిన్న కొండలా పొడుచుకు వస్తుంది, కనుక జిగురు పూసిన ముక్కను తెరచి ఉంచవద్దు.

ఈ పద్ధతికి ఓపిక చాలా కావాలి, నెలలు పట్టినా ఆశ్చర్యపోనక్కరలేదు. మొదటిసారి ప్రయత్నించేవారు మిగ్-21 వంటి గొట్టపు ఒళ్ళు, చదునైన రెక్కలు ఉన్న విమానాన్నే ఎంచుకోవడం నయం.

*ప్రశ్న: లోహపు పూత మీద డెకాల్స్ (గుర్తులు, అంకెలు ముద్రించిన పలుచని అతుకు బొమ్మలు) అతికించాక వాటి చుట్టూ తెల్లని అంచు కనిపిస్తోంది. పైన క్లియర్ కోటు (పారదర్శక పూత) వేస్తే మెరుపంతా పోయింది. ఏం చేయాలి?*
– ఇద్దరు పాఠకులు, నెల్లూరు, ఒంగోలు

సమాధానం: క్లియర్ కోటు మెరుపును కొంత తీసుకుపోతుంది. క్రోమ్ వంటి అద్దపు పూతల మీద లాకరు క్లియర్ వేస్తే పొలుకులు కదిలి పూత బూడిదరంగుకు తిరుగుతుంది. తప్పనిసరైన చోట నీటి ఆధారిత నిగనిగలాడే క్లియర్‌ను పలుచగా, డెకాల్ పరిధికి మాత్రమే వేయండి. లోహపు పూత సరిగ్గా నునుపుగా వచ్చి ఉంటే డెకాల్‌కు కింద మరే పూతా అక్కరలేదు. తెల్లని అంచు వచ్చిందంటే కింద గాలి చిక్కుకుందని, అంటే అక్కడ ఉపరితలం గరుకుగా ఉందని అర్థం. డెకాల్ చుట్టూ మిగిలిన పారదర్శక పొరను వీలైనంత దగ్గరగా కత్తిరించి అతికించాలి. డెకాల్‌ను మెత్తబరిచే ద్రవాలు కొన్ని లోహపు పూతను మరకలు చేస్తాయి కనుక ముందు కింది భాగంలో కనపడని చోట పరీక్షించాలి. ప్యానెల్ గీతలలో నింపే వాష్‌కు (బాగా పలుచన చేసిన రంగుకు) నలుపు వాడవద్దు. వెండి మీద అది గీసిన గీతలా కనిపిస్తుంది. బూడిద, గోధుమ కలిపిన పలుచని ఎనామెల్ వాష్ చాలు, రెక్కల పైభాగంలో అదీ తక్కువే. పూర్తయిన నమూనాను పట్టుకునేటప్పుడు నూలు చేతొడుగులు వేసుకోండి. ముఖ్యంగా రంగుకు బదులు ఫాయిల్ వాడినవారు చెమట ముద్రలు పడితే అదే రోజు తడిగుడ్డతో తుడిచేయాలి. తీరప్రాంతపు ఉప్పుగాలిలో అవి కొద్ది వారాలకే బూడిదరంగు మచ్చలుగా స్థిరపడవచ్చు, అప్పుడు ఆ ప్యానెల్ ఫాయిల్‌ను మార్చవలసి వస్తుంది.